చన్నీళ్ళు పడని ఇంటి నుంచి

మా ఇంట్లో చన్నీళ్ళ ఊసు ఎత్తకూడదు. తాగడానికి కాచిన నీళ్ళు, స్నానానికి కాచిన నీళ్ళు. అంట్లు తోమడానికి కూడా మా అమ్మ గోరువెచ్చగా చేసి పెట్టేది. కారణం మా అక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. దానికి సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయి, సన్నటి రక్తనాళాల్లో అడ్డుపడి, ఒళ్ళంతా నొప్పి పెడతాయి. చలి తగిలితే నొప్పి ఇంకా ఎక్కువ. అరకులోయలో, అందులోనూ కాస్త పైకి ఉన్న మా ఊళ్ళో, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలి తగలకుండా బతకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. వలిసె పూలు విరగబూసి చేలన్నీ పసుపుపచ్చగా ఉండే రోజులే మా అక్కకి గడ్డు రోజులు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఆ పూలలో ఫోటోలు దిగుతుంటే, అది కుంపటి పక్కన మోకాళ్ళు పట్టుకుని కూర్చునేది.

ఇంటి వెనక కాఫీ తోట దిగితే గెడ్డ. కొండ మీంచి వచ్చే వాగుని మా వైపు అలాగే అంటాం. ఊళ్ళో పిల్లలందరూ అందులో పడి ఈదినవాళ్ళే, మేమిద్దరం తప్ప. అక్కకి పడదు కాబట్టి నాకూ పడదని అమ్మ తీర్మానం. "ఒకే కడుపున పుట్టినారు, ఇద్దరిదీ ఒకే రకం ఒళ్ళు" అనేది. ఆ మాటలో సగం నిజం ఉందని నాకు పందొమ్మిదో ఏట తెలిసింది.

అప్పుడు విశాఖపట్నంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. పరీక్షలు నేర్చుకోవడానికి ఒకరి రక్తం ఒకరం తీసుకునేవాళ్ళం. పక్కవాళ్ళ గొట్టాలన్నీ తేటగా ఉంటే నాది మబ్బుగా మారింది. ఇంకో పరీక్ష చేస్తే విషయం తేలింది. అక్కకి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, జబ్బు తెచ్చే జన్యువులు రెండూ వచ్చాయి. నాకు ఒక్కటే వచ్చింది. అంటే నాకు జబ్బు లేదు, దాన్ని మోస్తున్నాను అంతే. సెలవులకి ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే అక్క పగలబడి నవ్వింది.

"నాకు రెండు వాటాలు, నీకు ఒకటా? పోన్లే, ఇందులోనైనా పెద్దదాన్నని గుర్తించినారు."

ఆ కోర్సు చదివేటప్పుడే, అమ్మకి చెప్పకుండా, విశాఖలోనే ఒక ఈతకొలనులో ఈత నేర్చుకున్నాను. తర్వాత కొండమీదే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పదకొండేళ్ళుగా నా పని రక్తపరీక్షలు చేయడం, ఫలితం చెప్పడం. సికిల్ సెల్ అని తేలినవాళ్ళకి ఒక కార్డు ఇస్తాం. చాలామంది ఆ కార్డుని బియ్యం డబ్బా అడుగున దాస్తారు. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని భయం. నేను వాళ్ళకి చెప్పిన మాటే చెప్పేదాన్ని. దాచకండమ్మా, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దాస్తే రేపు పిల్లలు పడతారు కష్టం. ఈ మాటలు నిద్రలో అడిగినా అప్పజెప్పగలను.

నా స్నేహితురాలు ఒకతె ఐర్లాండులో నర్సు. గిరిజన సంక్షేమ పాఠశాల హాస్టల్లో ఆరేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళం. దానిది పాడేరు అవతల ఊరు. ఐర్లాండులో ఒక డైవింగ్ క్లబ్బులో చేరి, ఒక ఆదివారం పొద్దున వీడియో ఒకటి పంపింది. సముద్రం అడుగున అడవి. చేతి మణికట్టంత లావు కాడలు, వాటి పైన తోలుపట్టీల్లాంటి పొడవాటి ఆకులు, అన్నీ కలిసి ఒకేసారి అటు ఊగి, ఒకేసారి ఇటు ఊగుతున్నాయి. దాన్ని కెల్ప్ అంటారట. చల్లటి సముద్రాల్లో తప్ప పెరగదట. నేను ఆ వీడియో ఏడెనిమిదిసార్లు చూశాను. తర్వాత అదే ఫోన్ చేసింది.

"సూసినావా? ఒకసారి రావే. మా ఇంట్లో ఉండొచ్చు. నాతో పాటు దింపుతాను. కానీ ముందు అక్కడ విశాఖలో డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకో."

"చలి కదే?"

"చలే. అయితే ఏటి? చలికి నువ్వు కొత్తా?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. చలికి కొత్త కాను. చలిని చూసి పారిపోవడానికి మాత్రం బాగా అలవాటుపడ్డాను. కాచిన నీళ్ళు, కుంపటి, రెండు స్వెటర్లు. ముప్పై మూడేళ్ళొచ్చినా గెడ్డలో మోకాలి లోతు కూడా దిగలేదు. ఇక చాలు అనిపించింది.

సెలవు పెట్టి, విశాఖ తీరంలో ఒక డైవింగ్ శిక్షణ కేంద్రంలో చేరాను. మొదటి రోజు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇచ్చారు. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, మూర్ఛ ఉందా అని వరసగా ప్రశ్నలు. మధ్యలో ఒకటి: రక్తానికి సంబంధించిన సమస్య ఏదైనా ఉందా? అక్కడ నా పెన్ను ఆగింది. శిక్షకుడు మంచివాడే, నలభై దాటిన మనిషి. నా వైపు చూసి, "అన్నిటికీ నో పెట్టేయండి మేడమ్. ఒక్కటి యెస్ పెట్టినా డాక్టరు లెటర్ కావాలంటారు, ఈ బ్యాచ్ మిస్సవుతారు" అన్నాడు. నేను నో పెట్టాను.

నాలుగు రోజులు సముద్రంలో దిగాను. గోరువెచ్చటి నీళ్ళు, మూడు బారల దూరం కూడా సరిగా కనపడని మసక. అయినా నీటి కింద మొదటిసారి ఊపిరి పీల్చినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. సర్టిఫికెట్ తీసుకుని ఇంటికొచ్చాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దేవుడి పటం పక్కన పెట్టింది. ఏం నేర్చుకున్నానో సగమే అర్థమైంది ఆమెకి. ఐర్లాండు మాట, చన్నీళ్ళ మాట అప్పటికి చెప్పలేదు.

వచ్చే ఆగస్టులో వెళ్ళాలని స్నేహితురాలూ నేనూ అనుకున్నాం. వాళ్ళ వేసవిలో కూడా అక్కడి సముద్రం పద్నాలుగు డిగ్రీలే ఉంటుందని అది చెప్పింది. జనవరిలో ఒక పొద్దున, కొత్తగా కొన్న థర్మామీటరు తీసుకెళ్ళి గెడ్డలో ముంచాను. పద్నాలుగు. రెండోసారి ముంచి చూశాను. పద్నాలుగే. వాళ్ళ నడివేసవి సముద్రమూ మా జనవరి గెడ్డా ఒక్కటే! అలవాటు చేసుకోవడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇంటి వెనకే ఉంది.

స్నేహితురాలు తన పాత రబ్బరు సూటు ఒకటి పార్సిల్లో పంపింది. నల్లగా, మెడ నుంచి పాదాల దాకా, ఒంటికి అతుక్కుపోయే సూటు. తలకి రబ్బరు టోపీ కూడా. అది వేసుకోవడానికే అరగంట పట్టేది. ఆ వేషంతో కాఫీ తోటలోంచి దిగుతుంటే పళ్ళు ఏరుతున్న ఆడవాళ్ళు బుట్టలు వదిలేసి చూశారు.

"ఏటే గుంటా, ఎలుగుబంటి ఏసమేటి?"

"సలిలో ఈత కొట్టడానికి."

"నీకేటైనా పిచ్చా?"

గెడ్డ మడుగు కట్టిన చోట నడుము దాకా దిగాను. సూటు లోపలికి నీళ్ళు పాకుతుంటే వీపు మీద ఎవరో కత్తి పెట్టి గీసినట్టు ఉంది. ముఖం ముంచితే నుదురు పగిలిపోయినట్టయింది. ఊపిరి అందలేదు. లేచి నిలబడ్డాను. మళ్ళీ ముంచాను. మొదటి రోజు నాలుగు నిమిషాలు. వారం తిరిగేసరికి పదకొండు నిమిషాలు, ఊపిరి తడబడకుండా.

ఆ రోజుల్లోనే ఒక సందర్శకుల గుంపు దారి తప్పి తోటలోకి వచ్చింది. ఒకాయన నన్ను చూసి, అడగకుండా ఫోన్లో వీడియో తీయడం మొదలుపెట్టాడు. "ఇది మీ ట్రైబల్స్ ఆచారమా?" అన్నాడు. నీళ్ళు కారుతూ గట్టెక్కి, ఆయన ఎదురుగా నిలబడ్డాను. "ఇది డైవింగ్ సూటు. నేను సాధన చేస్తున్నాను. ఆ వీడియో నా ముందే తీసేయండి" అన్నాను. నవ్వబోయి, నా మొహం చూసి, తీసేశాడు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. అమ్మకి తెలిసిన రోజున పొయ్యి ముందు కూర్చుని చోడి అంబలి కలుపుతోంది. గరిటె పక్కన పెట్టేసింది.

"ఒకదాన్ని సలి నుంచి కాసుకోలేక సస్తన్నాను. నువ్వు ఎతుక్కోని మరీ సలిలోకి ఎల్తావా?"

చిన్నాన్న కూడా వచ్చాడు. మా నాన్న పోయినప్పటి నుంచి ఇంటికి పెద్దదిక్కు తానేనని ఆయన నమ్మకం. "కొండ మీద పుట్టినదానివి, నీకు సంద్రమేటి? పెళ్ళి సేసుకోమంటే సేసుకోవు, ఇలగ తడిసి ముద్దవుతావు. నలుగురూ ఏటనుకుంటారు?" అన్నాడు.

"ఏటైనా అనుకోనీ సిన్నాన్నా. ఆళ్ళు అనుకున్నాక కూడా నాను ఎల్తాను" అన్నాను.

అక్క ఏమీ అనలేదు. అది ఇంట్లోనే మిషను కుట్టేది. పిల్లల యూనిఫాంలు, ఆడవాళ్ళ జాకెట్లు. మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో దాని కుట్టంత గట్టి కుట్టు లేదు. నేను గెడ్డ నుంచి వణుకుతూ వస్తే మిషను ఆపి, ఒకసారి చూసి, మళ్ళీ తొక్కేది. దాని మౌనాన్ని నేను కోపం అనుకున్నాను. తనని బాధపెట్టిన చలిని నేను ఆటగా తీసుకున్నానని నొచ్చుకుందేమో అనుకున్నాను.

ఐర్లాండు క్లబ్బు నుంచి ఫారం ఈమెయిల్లో వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్క పక్కనే కూర్చుని, విశాఖలో నింపిన పాత ఫారం కాపీ ఒళ్ళో పెట్టుకుని, అదే చూసి ఫోన్లో ఇది నింపుతున్నాను. అక్క ఇంటర్ దాకా చదివింది, ఇంగ్లీషు బాగా వచ్చు. పాత ఫారం చేతిలోకి తీసుకుని మెల్లగా చదివింది. ఒక చోట దాని వేలు ఆగింది.

"ఇదేటి?"

నేను ఫోన్ పక్కన పెట్టాను.

"రక్తానికి సంబంధించి ఏదైనా ఉన్నాదా అని అడిగినాడు. నో అని కొట్టినావు."

"అలగ కొట్టకపోతే చేర్చుకోరు. నాది జబ్బు కాదు కదా అక్కా."

"జబ్బు కాకపోతే, ఒక్క వాటా ఉన్నాది, ఇదీ సంగతి అని రాయి. రాయడానికి ఏటి అడ్డం?"

"రాస్తే ఎల్లనివ్వరు."

అది ఫారం మడిచి నా ఒళ్ళో పడేసింది. దాని గొంతు పెద్దది కాలేదు, కానీ అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"నా పెళ్ళిసూపులకి వచ్చినోళ్ళందరికీ నా నోటితో మొదట సెప్పిన మాట అదే. మూడు సంబంధాలు లేసి ఎల్లిపోనాయి. అయినా సెప్పడం మానలేదు. రోజూ ఆసుపత్రిలో కూకోని, దాయకండి దాయకండి అని ఊరందరికీ సెప్తావు. నువ్వేమో ఒక్క వాటాకే దాసినావు! ఎల్లనివ్వకపోతే పోట్లాడు. దాసుకొని ఎల్తే అది పోవడం కాదే, పారిపోవడం."

నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. కాఫీ గింజలు ఆరబోసిన గచ్చు చివర చాలాసేపు కూర్చున్నాను. సిగ్గు ముందు వచ్చింది, దాని వెనక కోపం. ఆ కోపం అక్క మీద కాదు. ఒక ప్రశ్నకి నిజం రాస్తే తలుపు మూస్తారని ఎవరూ మూయకముందే నమ్మేసిన నా మీద. నేను నో పెట్టింది నా రక్తానికే కాదు, అక్కకి కూడా.

మర్నాడు విశాఖ కేంద్రానికి ఉత్తరం రాశాను. ఫారంలో తప్పు రాశాను, నా రక్తం సంగతి ఇదీ అని పరీక్ష కాగితం జతచేశాను. శిక్షకుడు ఫోన్ చేశాడు. "అయిపోయినదాన్ని ఎందుకు కెలుకుతారు మేడమ్? ఇప్పుడు డాక్టరు ఒప్పుకునేదాకా మీరు డైవ్ చేయకూడదని మేం చెప్పాల్సి వస్తుంది" అన్నాడు. "చెప్పండి" అన్నాను. ఐర్లాండు ఫారంలో యెస్ దగ్గర గుర్తు పెట్టి పంపాను. వాళ్ళూ డాక్టరు ఉత్తరం కావాలన్నారు.

నగరంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితంలో సికిల్ అన్న మాట చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"డైవింగ్ కుదరదు. మీ ఏజెన్సీ వాళ్ళు రక్తం లేక చస్తుంటే, నీకు సముద్రంలో సరదాలేంటమ్మా?"

"సార్, నాకున్నది జబ్బు కాదు. ఒక్క జన్యువే. రిపోర్టు చూడండి."

"నాకే చెప్తావా?"

"చెప్తాను సార్. ఆ పరీక్ష రోజూ నేనే చేస్తాను."

ఆయన కాగితం మీద 'అన్‌ఫిట్' అని రాసి నా వైపు తోశాడు. కారణం రాయమన్నాను. విసుగ్గా లాక్కుని 'సికిల్ సెల్ డిసీజ్' అని రాశాడు. అది తప్పు అన్నాను. తర్వాతి పేషెంటుని పిలవమని నర్సుకి చెప్పాడు. నేను ఆ కాగితాన్ని ఆయన బల్ల మీదే పెట్టాను. "ఇది నా గురించి రాసింది కాదు. అందుకని నేను తీసుకెళ్ళను" అని చెప్పి బయటికి వచ్చాను. బస్సెక్కాక ఏడుపొచ్చింది. ఘాట్ రోడ్డు మలుపులు తిరిగే వేళకి ఏడుపు పోయి పట్టుదల మిగిలింది. ఆయన కుదరదన్నందుకు కాదు. చూడకుండా అన్నందుకు.

మా ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు ఉంది. విజయనగరం వైపు రైతుల కుటుంబం. రెండేళ్ళ పోస్టింగు మీద వచ్చి, బదిలీ వద్దని ఇక్కడే ఉండిపోయింది. ఆమె నేను చెప్పిందంతా విని, "నాకు డైవింగ్ గురించి ఏమీ తెలీదు. తెలుసుకోకుండా అవుననీ అనను, కాదనీ అనను. కొన్నాళ్ళు టైమివ్వు" అంది.

ఆమె చదివింది. ఐర్లాండు క్లబ్బు వాళ్ళ ద్వారా డైవింగు తెలిసిన డాక్టరుకి రాసి అడిగింది. నా రక్తం మళ్ళీ బయటి ల్యాబుకి పంపింది. కిడ్నీలు, కళ్ళు, గుండె చూపించింది. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించింది. ఇదంతా అయ్యేసరికి మార్చి వచ్చింది, మా తోటలో కాఫీ చెట్లు తెల్లగా పూశాయి. ఒక సాయంత్రం ఓపీ అయిపోయాక నన్ను కూర్చోబెట్టింది.

"గెడ్డలో ఒక్కదానివే దిగావా?"

"అవును మేడమ్."

"అది మాత్రం తెలివితక్కువ పని. ఇంకెప్పుడూ ఒంటరిగా దిగకు. సరే, విను. నీ ఒంట్లో ఇబ్బంది ఏమీ లేదు. కానీ విపరీతమైన అలసట, నీళ్ళు తాగకపోవడం, బాగా చలి, ఈ మూడూ నీకు మంచివి కావు. రబ్బరు సూటు చాలదు. లోపలికి నీళ్ళే రానివ్వని సూటు ఉంటుందట, అది వేసుకోవాలి. లోతు వద్దు. ముందు రోజు నుంచి నీళ్ళు బాగా తాగు. ఎదురుప్రవాహంలో ఈదకు. చలేసిందంటే పైకి. సిలిండర్లో గాలి ఎంతున్నా సరే, కింద ఎంత బాగున్నా సరే."

"సరే మేడమ్."

"సంతకం పెడుతున్నది నీ ధైర్యం చూసి కాదు, రిపోర్టులు చూసి. అది గుర్తుపెట్టుకో."

ఆ ఉత్తరాన్ని అక్క చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది. "ఇప్పుడు ఎల్లు" అంది. అంతే.

ఆ రోజు నుంచి మా ఇల్లు మారిపోయింది. లోపలికి నీళ్ళు రాని సూటుని డ్రై సూట్ అంటారు. దాన్ని క్లబ్బు వాళ్ళే ఇస్తారు. కానీ అందులో గాలి తప్ప వెచ్చదనం ఉండదు, లోపల మందపాటి బట్ట వేసుకోవాలి. అది ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. అక్క ఆ మాట వినగానే టేపు తీసింది. వీడియో కాల్లో నా స్నేహితురాలిని కూర్చోబెట్టి, వకీలులా ప్రశ్నలు వేసింది.

"జేబులు ఉండాలా? ఇనప జిప్పు పెట్టొచ్చా?"

"వద్దక్కా, ఒత్తుకుంటాది. జేబులూ వద్దు."

"సెయ్యి ఎనక్కి ఎంత దూరం ఎల్లాలి?"

"సిలిండరు వాల్వు అందాలి. మెడ ఎనకాల దాకా."

"అయితే సంకల్లో వదులు పెట్టాలి."

వారపు సంతలో మెత్తటి ఉన్ని దుప్పట్లు రెండు తెచ్చి, కోసి, మెడ నుంచి చీలమండల దాకా ఒకే బట్టగా కుట్టింది. మొదటిది మోకాళ్ళ దగ్గర బిగుసుకుంటే విప్పి మళ్ళీ కుట్టింది. అది వేసుకుని చేతులు వెనక్కి చాచి, గుంజీలు తీసి, నేల మీద పాకి చూపించేదాకా ఒప్పుకోలేదు. ఏప్రిల్ ఎండలో ఆ దుప్పటి బట్టలో చెమటలు కారుతూ నేను ఇల్లంతా పాకుతుంటే అమ్మకి కూడా నవ్వు ఆగలేదు.

గెడ్డకి మళ్ళీ వెళ్ళినప్పుడు అమ్మే వెంట వచ్చింది. పిలవలేదు, తనే వచ్చింది. గట్టు మీద దుప్పటీ, వేడి నీళ్ళ ఫ్లాస్కూ పెట్టుకుని కూర్చుంది. నేను మాస్కు తీసి నీటి లోపలే మళ్ళీ పెట్టుకోవడం, కళ్ళు మూసుకుని బకిల్స్ విప్పడం సాధన చేస్తుంటే, రెండు నిమిషాలకోసారి "ఉన్నావేటే?" అని అరిచేది. చెయ్యి పైకెత్తితే ఊరుకునేది. చిన్నాన్న ఒకసారి అటుగా వచ్చి ఏదో అనబోయాడు. అమ్మ తల తిప్పకుండా, "పని సేసుకుంటంది, కదపకు" అంది. చిన్నాన్న వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

స్నేహితురాలూ నేనూ ఫోన్లోనే మొత్తం డైవ్ రాసుకున్నాం. ఎనిమిది మీటర్లకి మించి దిగం. పాతిక నిమిషాలకి మించి ఉండం. ఆటుకీ పోటుకీ మధ్య నీరు నిలకడగా ఉండే గంట చూసుకుని దిగుతాం. కెల్ప్ ఆకు కాలికో సిలిండరుకో చుట్టుకుంటే గిరగిరా తిరగకూడదు, తిరిగితే ఇంకా చుట్టుకుంటుంది. ఆగాలి, వచ్చిన దారినే కాస్త వెనక్కి జరగాలి, జోడీ వచ్చి విడదీస్తుంది. ఒక చిన్న కత్తి చేతికందే చోట ఉండాలి. ఎవరు ముందు బొటనవేలెత్తి పైకి అంటే ఇద్దరం పైకి. ఎందుకు అని అడగడం ఉండదు. చివరి నియమం నేనే పెట్టాను. స్నేహితురాలు సరే అంది.

వీసా కాగితాల్లో ప్రయాణానికి కారణం రాయాల్సిన చోట, బంధువుల్ని చూడటానికి అని రాస్తే సులువని ఒకరు సలహా ఇచ్చారు. నేను సముద్రపు నాచు అడవిలో డైవింగ్ చేయడానికి అనే రాశాను. వీసా వచ్చింది.

ఆగస్టులో, సన్నటి తుంపర పడుతున్న ఒక పొద్దున, ఐర్లాండు పడమటి తీరంలో ఒక చిన్న రేవు దగ్గర నిలబడ్డాను. అంతకు ముందు మూడు రోజులు అక్కడి ఈతకొలనులోనూ, రేవులో నడుం లోతు నీళ్ళలోనూ డ్రై సూటు వాడటం నేర్పారు. ఆ రోజు బాధ్యురాలు అరవై దాటిన ఒకావిడ. డాక్టరమ్మ ఉత్తరం చదివి, నన్ను ఒక్కటే అడిగింది, చలేస్తే ఏం చేస్తావని. పైకి వస్తాను అన్నాను. తలూపి, పలక మీద నా పేరు రాసింది.

ముఖానికి నీళ్ళు తగిలినప్పుడు పెదాలు మొద్దుబారాయి. చెవులు సర్దుకుంటూ తాడు పట్టుకుని మెల్లగా దిగాను. సూటు ఒళ్ళంతా నొక్కింది, కొంచెం గాలి పంపితే వదిలింది. లోపల పొడిగా, వెచ్చగా ఉంది. కింద మసకలోంచి కాడలు ఒక్కొక్కటే కనపడ్డాయి. వీడియోలో చూసినంత పచ్చగా లేవు. ముదురు గోధుమరంగు, కొన్నిటి మీద ఎర్రటి నాచు, పీతలు, నత్తలు. మేం వాటి మధ్య సందులోకి దూరాం. అల వచ్చినప్పుడు మొత్తం అడవి ఒక పక్కకి ఒరిగింది, దాంతో పాటు నేనూ. మళ్ళీ ఇటు ఒరిగింది, నేనూ ఇటు. మొదట దానికి ఎదురు ఈదబోయాను. స్నేహితురాలు అరచెయ్యి చూపించి ఆపింది. ఒళ్ళు వదిలేశాను. ఒక కాడని పట్టుకుని చూశాను. గరుకుగా, గట్టిగా ఉంది. దాని వేళ్ళు బండని ఎంత గట్టిగా పట్టుకున్నాయో! తలెత్తి చూస్తే ఆకుల సందుల్లోంచి వెలుతురు ముక్కలుగా పడుతోంది. ఒక చిన్న చేప నా మాస్కు ముందుకొచ్చి, నన్ను చూసి, ఏమీ పట్టనట్టు తన పని మీద తాను పోయింది. గొంతు దాకా నవ్వొచ్చింది.

పద్దెనిమిదో నిమిషంలో ఎడమచేతి వేళ్ళు నావి కానట్టు అయ్యాయి. గ్లవ్ లోపల ముడిచి చూశాను, తెలియడం లేదు. సరిగ్గా అప్పుడే స్నేహితురాలు ముందున్న బండల మధ్య సందు చూపించి, అందులోకి పోదామని సైగ చేసింది. అవతల వెలుతురు ఇంకా బాగుంది. నా సిలిండర్లో సగానికి పైగా గాలి ఉంది. ఒక్క క్షణం ఆ వైపే చూశాను. తర్వాత బొటనవేలు పైకెత్తాను. అది వెంటనే తిరిగింది. ఎందుకని అడగలేదు. ఇద్దరం పైకొచ్చాం.

రేవు మెట్ల మీద కూర్చుని, వేళ్ళు చంకల్లో పెట్టుకుని వేడిచేసుకున్నాను. మెల్లగా సూదులు గుచ్చినట్టు స్పర్శ వచ్చింది. స్నేహితురాలు వేడి టీ కప్పు తెచ్చి నోటికి అందించింది. పలక పట్టుకున్న ఆవిడ వచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసి, మొదటిసారికి ఇది చాలా ఎక్కువ అని మెచ్చుకుంది. ఆవిడ మంచి మనసుతోనే అంది.

"నాకు సరిపోలేదు" అన్నాను. "రేపు నీళ్ళు నిలిచే గంట ఎప్పుడు?"

పదకొండున్నరకి అంది ఆవిడ. మందంగా ఉండే గ్లవ్స్ ఉంటే ఇమ్మని అడిగి, రేపటి వరసలో నా పేరు రాయమన్నాను.